గాజు మీద లేని బొమ్మ: హెచ్‌డీ పిక్చర్ ట్యూబూ అవయవి ప్రశ్నా

హెచ్‌డీ పిక్చర్ ట్యూబు టీవీ తెర మీద పూర్తి బొమ్మ ఏ క్షణంలోనూ ఉండదు. ట్యూబు మెడలోంచి వచ్చే మూడు ఎలక్ట్రాన్ ధారలు గాజు లోపలి ఫాస్ఫర్ పూతను ఒక్కో గీత చొప్పున పైనుంచి కిందికి వెలిగించుకుంటూ పోతాయి. మన దేశంలో వాడిన మామూలు ట్యూబు టీవీ సెకనుకు 15,625 గీతలు గీసేది; 1080ఐ హెచ్‌డీ టీవీ 33,750 గీస్తుంది. అంటే ఒక్కో గీతకు దాదాపు 30 మైక్రోసెకన్లు. ధార తెర అడుగుకు చేరేసరికి పైన వెలిగిన కాంతి చాలావరకు ఆరిపోయి ఉంటుంది. అతివేగపు కెమెరాతో ఆ తెరను తీస్తే చీకటి గాజు మీద కిందికి జారిపోయే వెలుగు పట్టీ ఒక్కటే పడుతుంది. అయినా ఎదుట కూర్చున్నవారికి నిండు ముఖం కనిపిస్తుంది. ఆ ముఖం ఎక్కడ ఉన్నట్టు? భాగాలే నిజమా, భాగాలతో ఏర్పడిన మొత్తం, అంటే అవయవి, కూడా నిజమా అని నైయాయికులూ బౌద్ధులూ శతాబ్దాల పాటు వాదించుకున్నారు. ఆ వాదానికి ఈ పాత యంత్రం గట్టి పరీక్ష పెడుతుంది. దాన్ని బాగుచేసే పని ఆ పరీక్షను మరింత కఠినం చేస్తుంది.

ఈ టీవీలు ఏలిన కాలం కొద్దిపాటిది. జపాన్‌లో ఎన్‌హెచ్‌కే 1125 గీతల హైవిజన్ ప్రసారాలను 1989లో ప్రయోగాత్మకంగా మొదలుపెట్టింది. అమెరికాలో డిజిటల్ హెచ్‌డీ ప్రసారాలు 1998లో వచ్చాయి. 2004లో అక్కడ విడుదలైన సోనీ కేడీ-34ఎక్స్‌బీఆర్960 ఈ జాతి టీవీల్లో ఇప్పటికీ ఎక్కువమంది వెతికేది: 34 అంగుళాల వెడల్పు తెర, దాదాపు 90 కిలోల బరువు. ఆ దశాబ్దం ముగిసేలోగా సోనీ వారి ట్రినిట్రాన్ ట్యూబుల తయారీయే ఆగిపోయింది.

ఇక భాగాల ప్రశ్నకు వస్తే, 17వ శతాబ్దపు ఆంధ్ర పండితుడు అన్నంభట్టు తర్కసంగ్రహంలో కార్యానికి మూడు కారణాలు చెప్పాడు. వస్త్రానికి దారాలు సమవాయి కారణం. దారాల కలయిక, అంటే సంయోగం, అసమవాయి కారణం. మగ్గం, నాడె వంటివి నిమిత్త కారణాలు. టీవీకి అన్వయిస్తే ట్యూబు, ధారలను మళ్ళించే యోక్, బోర్డులు, కండెన్సర్లు సమవాయి కారణాలవుతాయి. అవి ఒకదాన్నొకటి తాకి ఉండటం అసమవాయి కారణమవుతుంది. ద్రవ్యం ఎక్కడ నశించినా అసమవాయి కారణం నశించడం వల్లనే నశిస్తుందన్నది నవ్య నైయాయికుల మతమని అన్నంభట్టే తన దీపికలో నమోదు చేశాడు. శాస్త్రం చదువుకునే విద్యార్థికి ఇది సూక్ష్మమైన మతభేదంలా తోచవచ్చు. మరమ్మతు బల్ల దగ్గర మాత్రం ఇది రోజూ ఎదురయ్యే అనుభవం.

డ్రై సోల్డర్ సంగతే చూడవచ్చు. అధిక వోల్టేజినిచ్చే ఈహెచ్‌టీ ట్రాన్స్‌ఫార్మర్ కాళ్ళ దగ్గరా, బరువైన భాగాల దగ్గరా ఏళ్ళ తరబడి వేడెక్కీ చల్లారీ టంకంలో కాలి చుట్టూ వెంట్రుకవాసి పగులు పడుతుంది. దీపం వెలుగులో బోర్డును అటూ ఇటూ వంచి, భూతద్దంలో చూస్తేగానీ అది దొరకదు. ట్రాన్స్‌ఫార్మర్ బాగానే ఉంటుంది, కండెన్సర్ బాగానే ఉంటుంది, బోర్డూ బాగానే ఉంటుంది. బొమ్మ మాత్రం రాదు. డబ్బా మీద ఒక్కటి చరిస్తే వచ్చి, మళ్ళీ పోతుంది. పాత టంకం తీసి కొత్తది పోస్తే టీవీ లేచి కూర్చుంటుంది. ఒక్క భాగమూ మారలేదు, మారింది సంయోగం. ఈ పని తెలిసిన చేతులే చేయాలి. ట్యూబు ఆనోడు దగ్గర వోల్టేజి 30,000 స్థాయిలో ఉంటుంది. ప్లగ్గు పీకేశాక కూడా ట్యూబులో విద్యుత్ ఛార్జ్ నిలిచే ఉంటుంది.

కన్వర్జెన్స్ లోపం ఇంకా లోతైన ఉదాహరణ. తెర మీద తెల్ల గళ్ళ నమూనా వేసి మూలలకు దగ్గరగా చూస్తే, తెల్లగీత ఒక అంచున ఎరుపుగా, మరో అంచున నీలంగా చీలి కనిపిస్తుంది. ఎరుపు ధార సరిగ్గానే ఉంది, పచ్చ ధారా నీలి ధారా అంతే. ఫాస్ఫర్‌కు ఏ జబ్బూ లేదు. మూడూ ఒకే చోట పడటం లేదు, అంతే. ఈ దోషం ఏ భాగంలో ఉందని అడిగితే జవాబు లేదు, ఎందుకంటే అది భాగాల మధ్య ఉంది. తెర మధ్యలోని తేడాను ట్యూబు మెడ మీది అయస్కాంత వలయాలు తిప్పి సరిచేస్తారు, అంచులకు యోక్‌ను సవరిస్తారు. కొన్ని సర్దుబాట్లు సర్వీస్ మెనూలో అంకెలుగా ఉంటాయి. ఏ అంకెనైనా కదిపే ముందు పాత విలువ కాగితం మీద రాసుకోవడం ఈ పనిలో మొదటి క్రమశిక్షణ. ఇక ధారలు భూమి అయస్కాంత క్షేత్రానికి కూడా వంగుతాయి. ఉత్తరార్ధగోళానికి సర్దిన సెట్టును దక్షిణార్ధగోళంలో పెడితే రంగు శుద్ధి చెడవచ్చు. టీవీ ఆన్ చేయగానే ‘ఢమ్’మని వినిపించేది డీగాసింగ్ కాయిల్, లోపలి లోహపు జాలికి అంటిన అయస్కాంతత్వాన్ని అది తుడిచేస్తుంది. ఒక వస్తువు గుణం దాని డబ్బాలోనే ముగియదని, అది నిలబడిన నేల కూడా దాని నిమిత్త కారణాల్లో చేరుతుందని ఇంతకంటే స్పష్టంగా చూపే గృహోపకరణం అరుదు.

దోషంలా కనిపించి దోషం కానిదీ ఒకటుంది. ట్రినిట్రాన్ తెర మీద తెల్లటి దృశ్యం వచ్చినప్పుడు అడ్డంగా ఒకటో రెండో సన్నని నీడగీతలు కనబడతాయి. లోపల నిలువుగా బిగించిన లోహపు తీగలు కంపించకుండా పట్టి ఉంచే అడ్డతీగల నీడలవి. ఏది వికారమో, ఏది నిర్మాణమో వేరు చేయగలగడం బాగుచేయడంలో సగం.

బౌద్ధుడు ఇక్కడ అడ్డు తగులుతాడు. మిళిందపన్హలో నాగసేనుడు రథాన్ని ఇరుసు, చక్రాలు, కాడి అని విడదీసి, వాటికి వేరుగా రథమనేది దొరకదని, రథమన్నది వ్యవహారానికి పెట్టుకున్న పేరేనని నిరూపిస్తాడు. టీవీకీ అదే వర్తిస్తుంది. ఈ వాదానికి న్యాయసూత్రాలు ఇచ్చే జవాబు భౌతికమైనది: ఒక అంచు పట్టుకుని లాగితే మొత్తం కదులుతుంది, పోగుపడిన రాశికి ఆ గుణం లేదు. 90 కిలోల టీవీని ఇద్దరు మనుషులు రెండు వైపులా పట్టి ఎత్తినప్పుడు ఆ జవాబు బరువు తెలుస్తుంది.

అయితే మరమ్మతు విషయంలో ఇద్దరూ అనుకోని చోట దగ్గరవుతారు. ఒక భాగం తీసేస్తే పాత అవయవి నశించి కొత్తది పుడుతుందన్నది న్యాయ వైశేషికుల సిద్ధాంతమే. అలాగైతే కండెన్సర్ మార్చిన టీవీ నిన్నటి టీవీ కాదు. “అదే టీవీ ఇది” అనే గుర్తింపు సాజాత్యం వల్ల కలిగిందని వారే ఒప్పుకోవాల్సి వస్తుంది, దీపజ్వాలను ‘అదే’ అన్నట్టుగా. క్షణక్షణానికీ వస్తువు కొత్తదే అనే బౌద్ధుడికి ఇందులో అభ్యంతరం లేదు. ద్రవ్యంలో పుట్టుకా నాశమూ నిలకడా కలిసే ఉంటాయనే జైనుల మాట మరమ్మతు చేసేవారి భాషకు అన్నిటికంటే దగ్గరగా ఉంటుంది. వారు “బాగుచేశాం” అంటారేగానీ “కొత్తది పుట్టించాం” అనరు.

బొమ్మ సంగతి వేరు. వస్త్రంలో దారాలన్నీ ఒకే కాలంలో ఉంటాయి కాబట్టే సంయోగం సాధ్యం. తెర మీది గీతలు అలా లేవు. ఒకటి పుట్టేసరికి మరొకటి పోతుంది. 1080ఐ పద్ధతిలో బేసి గీతలు ఒక విడతలో, సరి గీతలు తరువాతి విడతలో వస్తాయి. సెకనుకు 60 విడతలు. కదిలే దృశ్యాన్ని అదే పద్ధతి కెమెరా తీస్తే రెండు విడతలూ రెండు వేర్వేరు క్షణాలవి. కనుక నైయాయికుడి లెక్క ప్రకారం బొమ్మ అవయవి కాలేదు. అది వస్త్రం కంటే వాక్యానికి దగ్గర. వాక్యంలోనూ అక్షరాలు కలిసి ఉండవు. ముందరి అక్షరాల సంస్కారంతో కూడిన చివరి అక్షరం అర్థాన్ని ఇస్తుందని నైయాయికులే చెప్పారు. ఇంకో పోలికా ఉంది. గౌడపాదుడి మాండూక్య కారికలో నాలుగో ప్రకరణం పేరు అలాతశాంతి; అలాతం అంటే కొరివి. తిప్పిన కొరివి వలయంగా కనబడుతుంది. ఆ వలయం బయటినుంచి రాలేదు, కొరివి ఆగితే ఎక్కడికీ పోలేదు. అలాతచక్రం తెర మీది బొమ్మకు సరిపోతుంది, ఒక్క మెలికతో: కొరివి ఏ రూపమైనా గీస్తుంది, టీవీ ధార మాత్రం వచ్చిన సంకేతాన్నే గీస్తుంది. ఆ బొమ్మను భ్రమ అని కొట్టిపారేయడం అందుకే తొందరపాటు. అది తప్పు కావచ్చు, ఒప్పు కావచ్చు, సరిచేయబడవచ్చు. వట్టి భ్రమకు కన్వర్జెన్స్ సరిదిద్దలేం.

ఈ ట్యూబుల బొమ్మను ప్రేమించేవారు ప్రేమించేది కూడా అది తెర మీద నిలిచి లేకపోవడాన్నే. ఎల్‌సీడీ తెర ఒక్కో ఫ్రేమును తరువాతి ఫ్రేము వచ్చేదాకా పట్టి ఉంచుతుంది; కన్ను కదిలే బంతి వెంట జరుగుతుంటే, నిలిచిపోయిన బొమ్మ కంటిలో పూసినట్టవుతుంది. ట్యూబులో ప్రతి చుక్కా మెరిసి ఆరిపోతుంది కాబట్టి బంతి అంచు పదునుగా ఉంటుంది. కాకపోతే చాలా హెచ్‌డీ ట్యూబు టీవీలు పాత సంకేతాలను ముందుగా డిజిటల్‌గా మార్చుకుని గీస్తాయి. అందుకే పాత వీడియో గేములకు వాటిలో ఆలస్యం వస్తుంది. ధార గీసే క్షణాన్ని పసిగట్టే పాత లైట్ గన్నులు వాటిలో సాధారణంగా పనిచేయవు.

సంయోగం చెడితే కలపవచ్చు. ధారలను పుట్టించే కాథోడు ఉద్గార శక్తి తగ్గితే అది సమవాయి కారణపు క్షయమే. బొమ్మ నిండుగా రావడానికి నిమిషాలు పడుతుంది, ఒక రంగు ముందుగా వాలిపోతుంది. కాథోడు పైపొరను కాల్చి కొంతకాలం తేరుకునేలా చేసే పరికరాలున్నాయిగానీ మిగిలిన పూతను అవి తినేస్తాయి. ఇలాంటి హెచ్‌డీ టీవీ ట్యూబులు కొత్తగా తయారవడం లేదు. అప్పుడు బోర్డులు చనిపోయిన మరో సెట్టు నుంచి మంచి ట్యూబు తీసి అమరుస్తారు. అమర్చాక రంగు శుద్ధి, కన్వర్జెన్స్, తెల్లరంగు సమతూకం మొదటినుంచీ సర్దాలి, ఎందుకంటే పాత ట్యూబుకు రాసిపెట్టుకున్న విలువలు దీనికి కుదరవు.