పుట్టని వారి పేర రాసిన అప్పు

తండ్రి చేసిన అప్పు కొడుకు తీర్చాలా? మన ధర్మశాస్త్రాలు ఈ ప్రశ్నను దాటవేయలేదు. ఇంటి అవసరానికి చేసిన అప్పయితే తీర్చవలసిందే. జూదానికో, తాగుడికో చేసినదయితే కొడుకుకు బాధ్యత లేదు అన్నాయి. అణు విద్యుత్తు మిగిల్చిపోయే వ్యర్థాల విషయంలోనూ ఈ తూకమే పనికివస్తుందని మా అభిప్రాయం. బ్రిటనులో స్థిరపడ్డాం గనుక ఈ దేశపు ఆస్తికీ, అప్పుకీ కూడా మన పిల్లలు వారసులే.

కంబ్రియా సముద్రతీరాన సెల్లాఫీల్డ్ ఉంది. దాని పాత పేరు విండ్‌స్కేల్. బాంబులకు ప్లుటోనియం తయారుచేసే అక్కడి రియాక్టరులో 1957 అక్టోబరులో మంటలు లేచాయి. సుమారు 500 చదరపు కిలోమీటర్ల మేర పాలు పారబోయించారు. పాలలో చేరిన అయోడిన్-131 ఎనిమిది రోజులకు సగమవుతుంది. కొన్ని వారాల్లో ఆ గండం గడిచింది. ప్లుటోనియం-239 సగం కావడానికి సుమారు 24,000 ఏళ్లు పడుతుంది.

రియాక్టరులో వాడేసిన ఇంధనాన్ని నత్రికామ్లంలో కరిగించి, అందులోని యురేనియాన్నీ ప్లుటోనియాన్నీ వేరుచేయడమే రీప్రాసెసింగ్. మిగిలిన తీవ్రమైన రేడియోధార్మిక ద్రవాన్ని గాజుతో కలిపి ఉక్కు డబ్బాలలో పోస్తారు. దీని వెనుక ఉన్నది పొదుపు బుద్ధే. ప్లుటోనియం రేపటి ఫాస్ట్ రియాక్టర్లకు ఇంధనం అవుతుందనుకున్నారు. ఆ రేపు రాలేదు. స్కాట్లండులోని డూన్రేలో ఫాస్ట్ రియాక్టరును 1994లో మూసివేశారు. సెల్లాఫీల్డ్‌లో రీప్రాసెసింగ్ మాత్రం 2022 దాకా సాగింది. సుమారు 140 టన్నుల ప్లుటోనియం పోగుపడింది. దానిని ఇంధనంగా వాడబోమని, కదలకుండా బిగించి భూమి లోతున పాతిపెడతామని 2025 జనవరిలో ప్రభుత్వం ప్రకటించింది. మనుమలకు ఆస్తి అని దాచినది అప్పుల పద్దులో చేరింది.

ఇండియా కూడా ఈ రీప్రాసెసింగ్ దారినే ఎంచుకుంది. అక్కడి చాలా రియాక్టర్లకు ఇంధనం మన హైదరాబాదులోనే తయారవుతుంది. కనుక ఈ లెక్క ఇంటి దగ్గర మనవాళ్లకూ వర్తిస్తుంది.

అణుశక్తి అంతా జూదమని వైద్యులమైన మేము అనలేము. మేము రోజూ రాసే టెక్నీషియం స్కానులకు మూలపదార్థం రియాక్టర్లలోనే పుడుతుంది. బొగ్గు పొగ కూడా రాబోయే తరాల మీదికే పోతోంది. ఇంట్లో దీపం, ఆస్పత్రిలో కరెంటు నిజంగా ఇంటి అవసరాలే. కాని ఖాయమైన ఉపయోగం కనబడకపోయినా ఏళ్ల తరబడి ప్లుటోనియం పోగుచేయడం జూదానికి దగ్గర.

రోగి సమ్మతి లేనిదే మేము కత్తి పట్టం. స్పృహలేని రోగికి అత్యవసరమైనంత మేరకే చేసి, మిగతాది అతను మేలుకున్నాక అడుగుతాం. పుట్టని వారిని అడిగే వీలే లేదు. అందువల్ల వ్యర్థాలను పైనే ఉంచి, ఏం చేయాలో వారి ఇష్టానికే వదిలేద్దామని కొందరంటారు. వినడానికి ఇది మర్యాదగానే ఉంది. కాని పైన ఉంచితే కాపలా కావాలి, ఖర్చు కావాలి, అంతకాలం నిలకడగా ఉండే ప్రభుత్వమూ కావాలి. వారికి స్వేచ్ఛ ఇస్తున్నామంటూ చాకిరీ అప్పగించడం న్యాయం కాదు.

సెల్లాఫీల్డ్ శుభ్రపరచడం 2125 దాకా సాగుతుందని, 136 బిలియన్ పౌన్లు అవుతుందని 2024లో అంచనా వేశారు. ఆ నిర్ణయాలు చేసినవారెవరూ అప్పటికి ఉండరు. ఫిన్లండు 400 మీటర్లకు పైగా లోతున రాతిలో సొరంగాలు తొలిచింది. కరెంటు వాడుకున్న తరమే గొయ్యి తవ్వి, డబ్బు కట్టి, ఏది ఎక్కడ ఉందో స్పష్టంగా రాసిపెట్టాలి. అప్పు చేసినవాడు కనీసం పత్రమైనా సరిగా రాయాలి గదా.

బ్రిటనులో అటువంటి చోటు కోసం ఊళ్ల సమ్మతి అడుగుతున్నారు. రేపు మనముండే ఊరినే అడిగితే, కరెంటు అనుభవించినవారిగా మనం ఏమని జవాబు చెబుతాం? సభ్యులు తమ పిల్లలను కూర్చోబెట్టుకుని ఈ సంగతి మాట్లాడుకోవాలని మా మనవి.