నైరుతి గది ఎవరిది?

తెనాలిలో ఇల్లు కట్టుకుంటున్నాం. సిద్ధాంతిగారు ఈశాన్యంలో పూజగది, ఆగ్నేయంలో వంటిల్లు గీసిచ్చారు. నైరుతి యజమానిది అన్నారు. లోన్ నా పేరునే కాబట్టి ఆ గది నాకు, అమ్మకి వాయవ్యం.

వాయవ్యం వాయుదేవుడి దిక్కు, నిలకడ ఉండదంటారు. అందుకే అతిథుల గది అక్కడ పెడతారు. మరి అమ్మ మనింటికి చుట్టమా? ఆ రాత్రి నిద్ర పట్టలేదండీ.

అమ్మ మాత్రం ప్లాన్ చూసి గదుల ఊసే ఎత్తలేదు. ఆవిడది రేపల్లె దగ్గర పల్లె. 1977 నవంబరు 19 ఉప్పెన నాటికి చిన్నపిల్ల. "బేస్‌మట్టం ఎంత ఎత్తు లేపుతున్నార్రా?" అని మాత్రం అడిగింది. 2023 డిసెంబరులో మిచాంగ్ తుఫాను బాపట్ల దగ్గరే తీరం దాటింది కదా, ఆ భయం ఇంకా ఉంది.

శాస్త్రాన్ని తప్పుపట్టను. కానీ యజమాని అంటే అసలు యజ్ఞం చేసేవాడు. మనం ఈఎంఐ కట్టేవాడు అనుకుంటున్నాం. నా ఇంజినీరింగ్ ఫీజుకి పుట్టింటి గొలుసు అమ్మింది ఎవరు?

సిద్ధాంతిగారికి ఫోన్ చేసి గదులు మార్చమన్నాను. కాసేపాగి "శుభం" అన్నారాయన. బేస్‌మట్టం ఇంకో అడుగు పెంచాం. ఇప్పుడు అమ్మే ఒప్పుకోవట్లేదు. వాయవ్యం గదికైతే బాత్రూమ్ దగ్గరట!