రుద్రుడి వాటా

దక్షుడి యజ్ఞంలో దేనికీ లోటు లేదు. నెయ్యి ఉంది, సమిధలున్నాయి, మంత్రం తెలిసిన ఋత్విజులున్నారు, దేవతలంతా వచ్చి కూర్చున్నారు. శివుడికి మాత్రం పిలుపు లేదు, హవిస్సులో భాగం లేదు. పిలవని పుట్టింటికి వెళ్లిన సతీదేవి ఆ అవమానం భరించలేక అక్కడే దేహం విడిచింది. అది విన్న శివుడు తన జట ఒకటి పెరికి నేలకు కొట్టాడు. అందులోంచి పుట్టినవాడే వీరభద్రుడు. ఆయన అడుగు పెట్టాక యజ్ఞశాల మిగల్లేదు, దక్షుడి తల మిగల్లేదు.

మానుకోట దగ్గరి కురవిలో కొలువైన స్వామి ఆయనే. ముదిగొండ చాళుక్యుల నాటి నుంచి ఈ నేల ఆయనది. శివరాత్రి జాతరకు చుట్టుపక్కల జిల్లాల నుంచి జనం తరలివస్తారు. కొబ్బరికాయ కొడతాం, కోరిక చెప్పుకుంటాం, కోర మీసాల స్వామిని కళ్లారా చూసుకుంటాం. ఆయన ఏ తప్పును సరిదిద్దడానికి పుట్టాడో కూడా ఆ గుడిమెట్ల మీద కాసేపు కూర్చుని తలచుకోవాలి.

కథ విధ్వంసంతో ముగియలేదు. దేవతలు బ్రహ్మను వెంటబెట్టుకుని కైలాసానికి వెళ్లారని భాగవతం నాలుగో స్కంధం చెబుతుంది. మంచుకొండ మీద, మర్రిచెట్టు కింద శివుడు శాంతంగా కూర్చుని ఉన్నాడు. యజ్ఞంలో మిగిలినది రుద్రుడి భాగమని బ్రహ్మ అక్కడే ఒప్పుకున్నాడు. దక్షుడు మేకతలతో లేచాడు, ఆగిన యజ్ఞం పూర్తయింది. శివుడికి దక్కింది మొదటి భాగం కాదు, మిగిలిన భాగం. అంటే ఎంత గొప్ప కార్యమైనా ఉన్నదంతా ఊడ్చుకుపోకూడదు. ఎంతో కొంత మిగలాలి. మిగల్చనిది యజ్ఞమే కాదు.

ఈ మాట పురాణం చదివినప్పటికన్నా ఒక ఇంటిని కనిపెట్టుకుని ఉన్నప్పుడు నాకు బాగా బోధపడింది. మా పెద్దమ్మ వాళ్లు అమెరికాలో ఉన్న కొడుకు దగ్గరికి పోతూ కురవిలోని ఇల్లు నాకు అప్పజెప్పారు. ధనుర్మాసం. పొద్దున్నే తలుపు తీస్తే ఎదురింటి గడప కూడా కనిపించేది కాదు. గుడి గంట వినిపించేది, గోపురం మాత్రం మంచులో ఉండేది. పెరట్లో చిక్కుడు పందిరి. రెండు తీగల మధ్య సాలీడు కట్టిన పోగు నీటి బరువుకు కిందికి వంగి ఉండేది. ఎండ తగలగానే పైనుంచి ఒక్కో బొట్టూ ఆరిపోతూ ఉంటే, బరువు దిగిన పోగు మెల్లగా పైకి లేచేది. అది చూస్తూ చాయ్ చల్లారబెట్టుకున్న పొద్దులు చాలానే ఉన్నాయి.

ఓ పొద్దున పెద్దమ్మ వీడియో కాల్ చేసింది. అక్కడ రాత్రి. ఆమె వెనక కిటికీలోంచి మంచుతో తెల్లబడ్డ వీధి కనిపిస్తోంది. "చూడు బిడ్డా, కార్లన్నీ మునిగినయ్. ఇంత పడ్డా చప్పుడే లేదు" అంది ఆశ్చర్యంగా. ఆ తర్వాత ఇంటి సంగతులు మొదలయ్యాయి. "తులసమ్మకు నీళ్లు పోస్తున్నవా? చిక్కుడుకాయ ముదరనియ్యకు, కోసుకొని తిను. విత్తనానికి మాత్రం రెండు గుత్తులు ఇడిసిపెట్టు."

తిను, కానీ విత్తనానికి విడిచిపెట్టు. ఈశావాస్యోపనిషత్తు మొదటి మంత్రం సారం దాదాపు ఇదే. ఈ జగమంతా ఈశ్వరుడిది. నాది అనుకోవడం మాని అనుభవించు, ఒకరి సొత్తుకు ఆశపడకు అంటుంది ఆ మంత్రం. అనుభవించవద్దని అనదు. ఇల్లు కనిపెట్టుకుని ఉండే మనిషి ఆ ఇంటి నీడలో హాయిగా నిద్రపోవచ్చు, పెరటి కాయ తినవచ్చు. దూలం పీకి పొయ్యిలో పెట్టే హక్కు మాత్రం లేదు. భూమి మీద మనమంతా అలాంటి కావలివాళ్లమే. ఇంటివాళ్లు రెండు వైపులా ఉన్నారు. ఇచ్చినవాడు ఈశ్వరుడు, రాబోయేవాళ్లు మన పిల్లలు.

మాసాల్లో మార్గశిరాన్ని, కదలని వాటిలో హిమాలయాన్ని తానేనని విభూతి యోగంలో చెప్పుకున్నాడు శ్రీకృష్ణుడు. మంచు కురిసే నెలనూ, మంచు నిలిచే కొండనూ కూడా తన రూపాలుగానే ఎంచుకున్నాడు. ఆ రెండింటికీ ఇప్పుడు కీడు మూడింది. భాగీరథికి పుట్టిల్లయిన గంగోత్రి హిమానీనదం 1935 నుంచి కిలోమీటరున్నరకు పైగా వెనక్కి జరిగింది. 2011-2020 మధ్య హిందూకుష్ హిమాలయాల హిమానీనదాలు అంతకు ముందు దశాబ్దం కంటే 65 శాతం వేగంగా కరిగాయి. ఐక్యరాజ్యసమితి 2025ను హిమానీనదాల పరిరక్షణ సంవత్సరంగా ప్రకటించింది. మన దేశంలో 1901 నుంచి నమోదైన లెక్కల్లో అత్యంత వేడి సంవత్సరం 2024.

హిమాలయం ఎక్కడో ఉంది కదా అనుకోవడానికి లేదు. గాలి ఒక్క డిగ్రీ వేడెక్కితే దాదాపు ఏడు శాతం ఎక్కువ ఆవిరిని మోయగలదు. మోసినదంతా ఒక్కచోట కుమ్మరిస్తే ఏమవుతుందో మన జిల్లాలకు తెలుసు. 2023 జూలై 27న భూపాలపల్లి దగ్గరి మోరంచపల్లి నీట మునిగితే ఇళ్ల కప్పులెక్కిన జనాన్ని హెలికాప్టర్లు కాపాడాయి. 2024 ఆగస్టు 31 రాత్రి నుంచి కురిసిన వానకు ఆకేరు వాగు పొంగింది. కేసముద్రం దగ్గర కట్ట కొట్టుకుపోయి రైలు పట్టాలు గాలిలో వేలాడాయి. ఇక చలి తగ్గితే మామిడి పూత తడబడుతుంది. చల్లని రాత్రులు కొన్ని వరసగా ఉంటేనే ఆ కొమ్మ పూతకు వస్తుంది.

పెద్దమ్మ ఇంట్లో నేను వేసుకున్న దీపానికీ ఇందులో పాత్ర ఉంది. భూపాలపల్లి బొగ్గు, చెల్పూరులోని 1,100 మెగావాట్ల కాకతీయ థర్మల్ కేంద్రం మన ఇళ్లకు వెలుగునిస్తున్నాయి. గనిలోకి దిగే కార్మికుడి కష్టానికి చేతులెత్తి మొక్కాలి. ఆయన ప్రాణాలకు తెగించి పైకి తెచ్చిన బొగ్గును, ఎవరూ లేని గదిలో తిరిగే ఫ్యాను కోసం కాల్చడమే పాపం. అవసరానికి వాడుకుంటే అది యజ్ఞం, దుబారా చేస్తే అది దక్షయజ్ఞం.

ఇంత నష్టం జరుగుతుంటే మంచును చూసి మురిసిపోవడం తప్పేమో అని నాకూ మనసు పీకేది. తప్పు కాదు. ప్రేమ లేని దిగులు మనిషిని కుంగదీస్తుంది, దిగులు లేని ప్రేమ నిర్లక్ష్యంగా మారుతుంది. అమ్మ ఒంటికి జ్వరం తగిలిందని బెంగపడేది అమ్మ ఒడి తెలిసిన బిడ్డే. కాబట్టి పిల్లల్ని తెల్లవారుజామునే లేపి మంచులో నడిపించండి. హిమాలయం మీది మంచు ఎందుకు కరిగిపోతోందో కూడా ఆ నడకలోనే చెప్పండి.

మిగల్చడం ఎలాగో మన పెద్దలు చేసి చూపించారు. కురవికి చేరువలోని బయ్యారం చెరువును పదమూడో శతాబ్దంలో గణపతిదేవుడి సోదరి మైలాంబ తవ్వించింది. తన పేరు కూడా తెలియని రైతుకు ఆమె నీళ్లు మిగిల్చింది. మనం చెరువు శిఖం ఆక్రమించకుండా ఉండటం, గట్టు మీది చెట్టును కొట్టకుండా ఉండటం, జాతరకు బట్ట సంచితో వెళ్లి ప్లాస్టిక్ పారేయకుండా రావడం, అక్కర్లేని చోట స్విచ్ ఆపడం, ఇవన్నీ అభిషేకంతో సమానమైన సేవలే. ఇంటిని బట్టి ఒక్కటి ఎంచుకోండి. పూజలో సంకల్పం చెప్పుకునేటప్పుడు గోత్రనామాల తర్వాత దాన్నీ కలిపి చెప్పండి. స్వామి ముందు పలికిన మాటను తప్పడం అంత తేలిక కాదు.