పానా కింద పెట్టగలగడం

ఒకే రకం పని ఒకరికి సరదా, మరొకరికి చాకిరీ ఎందుకవుతుంది? ఈ ప్రశ్నని పుస్తకాల్లో చాలాసార్లు చదివాను. చేతులకి గ్రీజు అంటుకున్నాక గానీ దాని బరువు తెలియలేదు.

2018లో పరిశోధన పని మీద ఇంగ్లండులో ఏడాది ఉన్నాను. పక్కింటాయన రిటైరైన టీచరు. ఆయన షెడ్డులో 1967 నాటి ఎమ్.జి.బి. స్పోర్ట్స్ కారు ఉండేది. రెండు సీట్లు, మడిచేసే పైకప్పు. ఆబింగ్డన్ ఫ్యాక్టరీలో పుట్టిన ఈ మోడల్ 1962 నుంచి 1980 దాకా నడిచింది. ఐదు లక్షలకు పైగా కార్లు తయారయ్యాయి. ఊరికే చూద్దామని వెళ్ళినదాన్ని, ఆరు నెలల పాటు ప్రతి శనివారం ఆ షెడ్డులోనే గడిపాను.

ఆ ఇంజనుకి రెండు ఎస్.యు. కార్బ్యురేటర్లు. రెండూ సమానంగా గాలి పీల్చుకోవాలి. రబ్బరు గొట్టం ఒక కొన చెవి దగ్గర, రెండో కొన కార్బ్యురేటర్ మూతి దగ్గర పెట్టి బుస వినాలి. రెండు బుసలూ ఒకటయ్యేదాకా స్క్రూలు తిప్పాలి. ఆ తర్వాత పెట్రోలు పాళ్ళు. లోపలి పిస్టన్ని పిసరంత పైకెత్తి చూడాలి. ఇంజను వేగం పెరిగి అలాగే ఉండిపోతే పెట్రోలు ఎక్కువైనట్టు, ఆగిపోబోతే తక్కువైనట్టు, కాస్త పెరిగి సర్దుకుంటే సరిపోయినట్టు. తేడా ఉంటే కింది నట్టుని చుట్టులో ఆరోవంతు తిప్పి మళ్ళీ వినాలి.

విసుగు తక్కువేం కాదు. వాల్వుల సందులు, స్పార్కు సమయం కుదరకుండా కార్బ్యురేటర్ల జోలికి పోతే మళ్ళీ మొదటికి రావాల్సిందే. మనం వాడే పది, పదమూడు నంబరు పానాలు దానికి పట్టవు. 7/16, 1/2 అంటూ అంగుళాల లెక్కలో వేరే సెట్టు కావాలి. యాభై ఏళ్ళ తుప్పు పట్టిన బోల్టు ఒకటి పుటుక్కున విరిగితే, లోపల మిగిలిన ముక్కని తీయడానికే రెండు శనివారాలు పట్టింది. అయినా ఇంజను నిలకడగా తిరగడం మొదలైన క్షణంలో కలిగిన సంతోషం, థీసిస్ ఇచ్చిన రోజు కూడా కలగలేదు. వ్యాసంలో తప్పు దొరికితే వాదించి గట్టెక్కవచ్చు. ఇంజను వాదన వినదు.

ఇదంతా ఫోన్లో చెప్తే అమ్మ, "పిన్ను పెట్టి పొడిచావా?" అంది. ఒక్క క్షణం అర్థం కాలేదు. గ్యాసు రాకముందు మా ఇంట్లో వంట కిరసనాయిలు పంపు స్టవ్ మీదే. సన్నటి రంధ్రంలో మసి చేరితే అమ్మ పిన్నుతో పొడిచేది. మంట రంగు చూసి, చప్పుడు విని, పంపు కొట్టేది. కార్బ్యురేటర్‌లో నేను చేసింది మాత్రం ఏమిటి? సన్నటి రంధ్రం, గాలి, ఇంధనం, వినే చెవి. అమ్మని ఎవరూ మెకానిక్ అనలేదు. అన్నం ఆలస్యమైందని మాత్రం అన్నారు. పైగా ఆ స్టవ్ ప్రాణాల మీదికి తెచ్చేది. 1980లలో "స్టవ్ పేలి" అనే రెండు మాటల వెనక ఎందరు కోడళ్ళ హత్యలు దాక్కున్నాయో మనకి తెలుసు.

గుర్తింపు లేనిది వంటింటి నైపుణ్యానికే అనుకున్నాను. ఆ ఎస్.యు. కార్బ్యురేటర్ల చరిత్ర చదువుతుంటే బియాట్రిస్ షిల్లింగ్ (1909–1990) తగిలింది. ఫార్న్‌బరోలోని రాయల్ ఎయిర్‌క్రాఫ్ట్ ఎస్టాబ్లిష్‌మెంట్‌లో ఇంజనీరు. స్పిట్‌ఫైర్, హరికేన్ యుద్ధవిమానాల మెర్లిన్ ఇంజనుకీ ఎస్.యు. కార్బ్యురేటరే ఉండేది. విమానం ఉన్నట్టుండి ముక్కు దించి కిందికి దూకితే, ఇంధనం అదుపు తప్పి ఇంజను ఆగిపోయేది. 1941లో ఆమె ఇంధనం వచ్చే దారిలో, లెక్కగట్టి చేసిన రంధ్రం ఉన్న చిన్న లోహపు బిళ్ళ పెట్టి ఆ ప్రమాదాన్ని చాలావరకు తప్పించింది. పైలట్లకి ఊపిరి వచ్చింది. ఆ బిళ్ళకి మాత్రం ఆమె పేరు కలిపి ఒక ద్వంద్వార్థపు పేరు పెట్టి నవ్వుకున్నారు. యుద్ధం తర్వాత ఆమె భర్తతో కలిసి స్పోర్ట్స్ కార్ల రేసుల్లో పాల్గొంది.

అమ్మ, షిల్లింగ్, నేను అని ఒక వరస కట్టుకుని సంతోషపడ్డాను. ఆ వరసలో నాకు చోటుందా అని అడగలేదు. ఒక శనివారం పక్కింటావిడ షెడ్డు గుమ్మంలో టీ కప్పులు పెడుతూ, "ఆయన శనివారాలు ఆ కారుకి, నా శనివారాలు మీ ఇద్దరికీ" అంది, నవ్వుతూనే. ఆరు నెలలుగా ఆవిడ చేసి పెట్టింది తింటున్నాను. భోజనానికి పిలిస్తే, కారు కింద నుంచి "ఒక్క నిమిషం" అని అరిచింది ఆయన ఒక్కడే కాదు, నేను కూడా. ఆ మాట మా ఇంట్లో నాన్న నోట ఎన్నిసార్లు విన్నానో! అమ్మ కంచాల ముందు కూర్చుని ఉండేది.

నాకు ఆనందం ఇచ్చింది పాత కారు కాదేమో. విసుగొస్తే పానా కింద పెట్టి లేచిపోగలగడమేమో. ఆ శనివారం కారు కదలకపోతే ఎవరూ పస్తుండరు. స్టవ్ వెలగకపోతే ఉంటారు. అలాగని అవసరం కోసం చేసే పనిలో ఆనందమే ఉండదనలేను. నీలి మంట నిలబడ్డప్పుడు అమ్మ ముఖంలో వెలుగు నేను చూశాను. అయితే ఇంటిల్లిపాది ఆకలి ఒక్క మనిషి నెత్తిన ఉన్నంతకాలం, ఆ వెలుగుని ఆమె కూడా సరదా అని పిలుచుకోలేదు. మగవాళ్ళ సరదాల్లోకి మనం అడుగుపెట్టడం మంచిదే. ఆ సరదా ఎవరి సమయం మీద నడుస్తోందో అడగకుండా వెళ్తే, మారేది పానా పట్టిన చెయ్యి మాత్రమే.

ఆ రోజు కప్పులు నేను కడిగి, వంటలో ఆవిడ పక్కన నిలబడ్డాను. కార్బ్యురేటర్ల పని సగంలో ఆగిపోయింది. ఎవరికీ ఏమీ కాలేదు.