పథ్యమూ ఉపవాసమూ

"భయపడకండి మేడమ్, ప్రస్తుతానికి ఇదంతా మీ చేతుల్లోనే ఉంది" అన్నారు డాక్టరుగారు. రిపోర్టులో హెచ్‌బిఎవన్‌సి 7.2 అని ఉంది. గడిచిన రెండు మూడు నెలల రక్తంలోని చక్కెరకి అది సగటు లెక్క. 6.5, ఆపైన ఉంటే మధుమేహం కిందే జమ. మూడు నెలలు తిండి మార్చి, రోజూ నడిచి చూద్దాం, తగ్గకపోతే మాత్ర మొదలుపెడదాం అన్నారు. ఆయన మాటలో తప్పుపట్టడానికేమీ లేదు. కానీ ఆటోలో కోట పక్కనుంచి ఇంటికి వస్తూ నా చేతులవైపే చూసుకున్నాను. యాభై రెండేళ్ళలో ఈ చేతులు నా ఒక్కదాని కోసం వండిన వంట ఏదైనా ఉందా అని వెతుక్కుంటే ఒక్కటీ గుర్తురాలేదు.

మావగారికి అన్నం మెత్తగా ఉండాలి. మా ఆయనకి వేపుడు ఉండాలి. అబ్బాయికి పెరుగు పుల్లగా ఉండకూడదు. ఈ లెక్కలన్నీ నాకు నిద్రలో కూడా వచ్చు. నాకేం ఇష్టమో ఇంట్లో ఎవరికీ తెలియదు, నిజానికి నాకూ తెలియదు. అందరూ తిన్నాక గిన్నెలో మిగిలిన రెండు ముద్దలు పారెయ్యబుద్ధికాక ఆకలి లేకపోయినా తినెయ్యడం మాత్రం తెలుసు. అలాంటిది "మీ చేతుల్లోనే ఉంది" అంటే ఏమిటి అర్థం? అధికారం లేనిచోట బాధ్యత మాత్రం ఎలా ఉంటుంది?

కార్తీక సోమవారాలు నేను ఉపవాసం ఉన్నన్నాళ్ళూ మా ఇంట్లో ఎవరికీ ఇబ్బంది కలగలేదు. పైగా అత్తగారు నలుగురికీ గర్వంగా చెప్పుకునేవారు. అదే పథ్యం అనేసరికి ఇల్లు కదిలిపోయింది. మొదటివారం సాయంత్రం ఏడింటికే కంచంలో కూర, పప్పు ఎక్కువగా, అన్నం రెండు గరిటెలు పెట్టుకుని ఒక్కదాన్నే కూర్చున్నాను. అత్తగారు వచ్చి చూసి, "ఆకలేస్తే తినెయ్యమ్మా, దానికేముంది" అన్నారు. అంతే అన్నారు. నాకు మాత్రం దొంగతనం చేస్తూ దొరికిపోయినట్టనిపించింది.

ఎందుకలా అనిపించిందా అని చాలా రోజులు ఆలోచించాను. ఉపవాసంలోనూ పథ్యంలోనూ కడుపు కట్టుకోవడం ఒకటే. ఫలం ఎవరికి చేరుతుందన్నదే తేడా. ఉపవాస ఫలం భర్త ఆయుష్షుకీ పిల్లల క్షేమానికీ పోతుంది కాబట్టి అది పుణ్యం. పథ్యం ఫలం నా ఒంట్లోనే ఉండిపోతుంది కాబట్టి అది స్వార్థం. స్త్రీ నిగ్రహాన్ని ఇంతగా మెచ్చుకునే సమాజం, ఆ నిగ్రహం ఆమెకే పనికొచ్చేసరికి ముఖం చిట్లిస్తుంది.

ఇంకా సిగ్గుపడాల్సిన సంగతి ఒకటుంది. చివరికి నేను ఇంట్లోవాళ్ళని ఒప్పించింది "నేను పడిపోతే మీకెవరు చేస్తారు?" అన్న మాటతో. అది వెంటనే పనిచేసింది. మనిషిని కేవలం సాధనంగా చూడకూడదని కాంట్‌ని ఉటంకిస్తూ వ్యాసాలు రాసినదాన్నే. నా ఆరోగ్యాన్ని ఇంటి చాకిరీకి సాధనంగా చూపించి, ఆ పేరుతో నా రెండు గరిటెల అన్నం నేను సంపాదించుకున్నాను. విమల 'వంటిల్లు' కవిత చదివి పొంగిపోయిన తరం మాది. ఇప్పుడు కొలగిన్నె పట్టుకుని మళ్ళీ అదే వంటింట్లో, ఇదివరకటికంటే ఎక్కువసేపు!

మా ఇంట్లో పనిచేసే ఆవిడకి నాకంటే రెండేళ్ళ ముందే సుగరు వచ్చింది. ఆవిణ్ణీ నడవమన్నారట. "పొద్దున్న లెగిసిన కాణ్ణుంచీ నాలుగిళ్ళు తిరుగుతన్నాను, అది నడక కాదేటమ్మా?" అని నవ్వింది. నడకే. కండరాలకి ఎవరి ఇంటికోసం నడిచామన్న తేడా తెలియదు. నడిచినంతసేపూ అవి రక్తంలోని చక్కెరని వాడుకుంటూనే ఉంటాయి. కానీ ఆవిడకి వేళకి తిండి లేదు. మధ్యాహ్నం దాకా నాలుగిళ్ళలో నాలుగు టీలే ఆధారం. నా టీలో పంచదార మానేసిన మూడు వారాల దాకా, ఆవిడ గ్లాసులో రెండు చెంచాలు వేస్తూనే ఉన్నానన్న సంగతి నాకు తట్టలేదు. తట్టాక పంచదార మానెయ్యబోతే, "అది లేకపోతే ఓపిక రాదమ్మా" అంది. ఆవిడకి కావలసింది పంచదార లేని టీ కాదు, పొద్దున్నే కడుపునిండా తిండి. అది పెట్టడం మొదలుపెట్టాను. ఇది దయ అనుకోను, చాలా ఆలస్యంగా తీర్చిన బాకీ.

ఒకరోజు నేను చోడంబలి తాగుతుంటే ఆవిడ వింతగా చూసింది. "మాయమ్మ అదే తాగీసి పొలానికెల్లిపోయేది. వరన్నం పండక్కే. బీదోల్ల తిండని మాకు సిగ్గుండేది." 1983లో రెండు రూపాయలకి కిలో బియ్యం వచ్చినప్పుడు ఆ వరన్నం వాళ్ళకి ఆకలి తీర్చడమే కాదు, మర్యాద కూడా ఇచ్చింది. అందుకే "తెల్లన్నమే కొంప ముంచింది" అని నాలాంటివాళ్ళు తేలిగ్గా అనేస్తే నాకు కష్టంగా ఉంటుంది. 2023ని ఐక్యరాజ్యసమితి చిరుధాన్యాల సంవత్సరమంది. ఊళ్ళో చోడిపిండి రంగురంగుల పొట్లాల్లోకి ఎక్కింది. అన్నట్టు, చోళ్ళు మంత్రమేమీ కాదు. మెత్తటి పిండితో జావ కాచుకుంటే చక్కెర త్వరగానే పెరుగుతుంది. గ్లూకోమీటరు నాకు నేర్పిన పాఠమిది.

శాస్త్రం కూడా ఆడవాళ్ళ దగ్గరికే వచ్చి ఆగుతుంది. పుణె దగ్గరి గ్రామాల్లో 1993లో డాక్టర్ యాజ్ఞిక్ బృందం మొదలుపెట్టిన అధ్యయనంలో, అక్కడి పిల్లలు సగటున 2.7 కిలోలతో పుట్టారు. ఇంగ్లండులోని సౌతాంప్టన్ పిల్లలు 3.5 కిలోలు. మన పిల్లలు అంత చిన్నగా ఉన్నా, వాళ్ళ ఒంట్లో కండ తక్కువ, కొవ్వు మాత్రం అంతగా తగ్గలేదు. తల్లి కడుపులో చాలని తిండి, పెద్దయ్యాక వచ్చే మధుమేహానికి ఒక మూలం కావచ్చునంటారు. మంచిదే. కానీ దీన్ని "తల్లి సరిగ్గా తినలేదు" అని చదవడం ఎంత తేలిక! ఆమెకి ఎవరు పెట్టలేదు, ఎందుకు ఆఖరున తింది అని అడగడం అంత తేలిక కాదు. చోడంబలి తాగి నాట్లకి వెళ్ళిన ఆ తల్లి నిండు గర్భంతో కూడా వెళ్ళిందట.

ఇక నడక. పెద్దచెరువు వైపు తెల్లవారి నలభై నిమిషాలు. పెళ్ళయ్యాక నేను పని లేకుండా వీధిలోకి వెళ్ళడం ఇదే మొదలు. కూరలకి, గుడికి, కాలేజీకి వెళ్ళాను గాని ఊరికే వెళ్ళలేదు. ఇప్పుడు కూడా ఊరికే కాదు, డాక్టరు చీటీ ఉంది. అయినా ఆ నలభై నిమిషాల్లో నన్నెవరూ పిలవరు. నీళ్ళమీద వెలుగు చూస్తూ, జబ్బు రాకపోయుంటే ఇది దొరికేదా అనుకుని ఉలిక్కిపడ్డాను.

మూడు నెలల తర్వాత 6.1 వచ్చింది. మాత్ర అక్కర్లేదన్నారు. కాలేజీలో అందరికీ చెప్పుకున్నాను, పరీక్షలో ఫస్టు వచ్చినట్టు. ఇంటికొచ్చి ఆవిడకీ చెప్పాను. "మీకు తగ్గిపోయిందా అమ్మా, నాకు మాత్రలు పెంచీసినారు" అంది తలవంచుకుని గిన్నెలు తోముతూ. ఆ వంచిన తలలో ఉన్నది సిగ్గు. ఏ తప్పు చేసిందని? మాత్ర వేసుకోవడం ఓటమి అని ఆవిడకి చెప్పింది ఎవరో కాదు, ఉదయం నుంచీ నేను మోగిస్తున్న నా గొప్పే. నా 6.1లో నా నిగ్రహం కొంత. మిగతాది నా జీతం, కూరగాయలు, తెల్లవారుజామున ఖాళీ, జబ్బు తొందరగా బయటపడటం. మళ్ళీ పెరగొచ్చు కూడా, నాకూ మాత్ర రావచ్చు.

మొన్న సిరిమాను పండక్కి చుట్టాలొచ్చారు, ఇరవైమందికి వంట. మర్నాడు తెల్లవారి చెప్పులు వేసుకుంటుంటే మా ఆయన అడిగారు. "తగ్గిందన్నారుగా, ఇంకా రోజూ వెళ్ళాలా?"

ఏదో కారణం చెప్పబోయి ఆగిపోయాను.

"వెళ్ళొస్తాను" అన్నాను.