యంత్రదేహుని పూర్వకథ

దుష్టుని పూర్వకథ చెప్పుట వాని దోషమును మన్నించుట యగునా? ఈ ప్రశ్న పండితులకు మాత్రమే సంబంధించినది కాదు. మాదాపూరు, గచ్చిబౌలి ప్రాంతములలో కంప్యూటర్ల యొద్ద పనిచేయు యువకులు సెలవునాడు చిత్రము చూచి వచ్చి భోజనముల వేళ దీనినే వాదించుకొనుచున్నారు.

వైజయంతీ మూవీస్ వారు నిర్మింపగా నాగ్ అశ్విన్ దర్శకత్వమున 2024 జూన్ 27వ తేదీన విడుదలైన 'కల్కి 2898 ఏ.డీ.' చిత్రమున సుప్రీమ్ యాస్కిన్ అను ప్రతినాయకుడు కలడు. కమల్ హాసన్ ఆ పాత్ర ధరించెను. శుష్కించిన దేహము, దానిని నిలుపునవి యంత్రనాళములు. గర్భిణుల నుండి తీసిన సారముతో పునర్యౌవనము పొందవలెనని వాని కోరిక. వీ డెవ్వడు, ఎట్లు ప్రభువయ్యెను, ఈ దేహ మేల కలిగెను అన్నవానికి చిత్రమున సమాధానము లేదు. రెండవ భాగమున చెప్పుదురని కొందఱందురు. చెప్పుదురు గాక; చూపినదానినిబట్టియే మనము విచారింపవలెను.

ఇది మన సంప్రదాయము కాదు. శత్రువుయొక్క వంశమును, వీర్యమును, విద్యను గూడ వర్ణించి, పిదప వానిని జయించిన నాయకుని యౌన్నత్యమును చెప్పుట హృద్యమని దండి కావ్యాదర్శమున నుడివెను. రావణునకు తపస్సు కలదు, హిరణ్యకశిపునకు శాపకథ కలదు. పాశ్చాత్యులలోను మేరీ షెల్లీ 1818లో ప్రకటించిన 'ఫ్రాంకెన్‌స్టైన్' నవలలో ఆ వికృతజీవి తన కథను తానే చెప్పుకొనును.

కారణము చెప్పినచో పాపము పలుచబడునని భయపడువారు అశ్వత్థామను స్మరింతురు గాక. ఆయనయు ఈ చిత్రముననే యున్నాడు. తండ్రి అర్ధసత్యముచే వంచితుడై హతుడయ్యెను. కుమారుని క్రోధమునకు ఇంతకంటె కారణమేమి కావలెను? అయినను నిద్రించుచున్న ద్రౌపదీపుత్రులను చంపినందులకును, ఉత్తర గర్భముపై అస్త్రము ప్రయోగించినందులకును వ్యాసుడు వానిని క్షమింపలేదు. సర్వము వినిపించిన పిమ్మటనే శాప మిప్పించెను. చిత్రకారులు ఆ గర్భద్రోహికే ఒక గర్భమును కాపాడు పని అప్పగించుట మిక్కిలి మెచ్చదగిన కల్పన. అందుచేతనే వానిని చూచినప్పుడు మనకు భయముతో జాలియు కలుగును. అదే నేరమును నిత్యకృత్యముగా చేయు యాస్కినుని చూచి భయము మాత్రమే కలుగును.

కథ లేనిచోట ఆకారమే కారణమై కూర్చుండును. దేహమున యంత్రము చేరినది గావున దుష్టుడయ్యెనని ప్రేక్షకుడు తోచినట్లు పూరించుకొనును. 2005 నాటి 'స్టార్ వార్స్' చిత్రములోని జనరల్ గ్రీవస్ ఇట్టివాడే: లోహదేహము, దగ్గు, నాలుగు ఖడ్గములు, గతము శూన్యము. 'సైబోర్గ్' అను పదమును 1960లో క్లైన్స్, క్లైన్ అను ఇరువురు కల్పించినది అంతరిక్షమున బ్రతుకగల మానవుని ఉద్దేశించి. దానియందు రాక్షసత్వపు వాసన లేదు. మా బడిలో శస్త్రచికిత్సచే శ్రవణయంత్రము అమర్చబడిన బాలిక యొకతె కలదు. తోటిపిల్లలు ఆమెను 'రోబో' యని పిలుచుచుండిరి. వారు క్రూరులు కారు. లోహము కనబడినంతనే విలనని గుర్తుపట్టుట తెరమీద నేర్చిరి.

ఇంకొక మఱుగు దీనికంటె పెద్దది. యాస్కినుని బాల్యము తెలియనందువలన నాకు కలిగిన లోటు స్వల్పము. కాని ఆ నాళములను అమర్చిన దెవ్వరు? గర్భిణులకు పేళ్లు తీసివేసి సంఖ్య లిచ్చిన దెవ్వరు? కథానాయిక మొదట సుమతి కాదు, ఎస్‌యుఎం-80. ఆ సంఖ్యను పట్టికలో చేర్చిన చేయి ఒకటి యుండవలెను గదా. ఒంటరి రాక్షసుడు సింహాసన మెక్కగలడేమో గాని పట్టికలు వ్రాసికొనలేడు.

1998లో సైబర్ టవర్స్ తెఱచిన నాటి నుండి మన మధ్యతరగతి కుటుంబములకు అన్నము పెట్టుచున్నది ఇట్టి పట్టికల పనియే. అది నింద్యము కాదు. అనేక గృహములు దానివలన అప్పులనుండి బయటపడినవి. అయితే పని ముక్కలుగా విభజింపబడినది. మా పూర్వవిద్యార్థి యొకడు మంచివాడు, తల్లిదండ్రులను ప్రేమతో చూచుకొనువాడు. తాను వ్రాయు ప్రోగ్రాము తుదకు దేనికి వినియోగపడునని నే నడుగగా, "నా భాగము మాత్రమే నాకు తెలియును, మాస్టారూ" అనెను. అడిగి తెలిసికొన వీలున్నదా యంటిని. ఎన్నడును అడిగి చూడలేదట. యాస్కినుని కొలువులో నాళము బిగించినవానిని ప్రశ్నించినను ఈ మాటయే వినబడి యుండును.