ఆలస్యం ఎవరి ఖాతాలో?

అతిథి అంటే తిథి లేనివాడు, ఫలానా రోజున వస్తానని చెప్పకుండా వచ్చేవాడు అని పెద్దలు చెప్పే అర్థం. ఆ లెక్కన "చెక్-ఇన్ మధ్యాహ్నం 2 నుంచి రాత్రి 10 వరకు" అని రాసిపెట్టుకున్న ఇంటికి అతిథి అనేవాడు రావడం కుదరదు. వచ్చేది గెస్టు. గెస్టుకి తేదీ ఉంటుంది, వేళ ఉంటుంది, కట్టిన డబ్బుకి రసీదు ఉంటుంది. ఆ వేళ దాటితే అతను లేటు. అతిథి మాత్రం ఎప్పుడొచ్చినా లేటు కాడు. ఇదంతా మాటల గారడీలా అనిపించవచ్చు గానీ, రాత్రి ఒంటిగంటకి తాళంచెవి ఎవరు అందించాలి అన్న ప్రశ్న దగ్గర ఈ తేడా బరువు తెలుస్తుంది.

విశాఖపట్నంలో మా పిన్నికి ఒక ఫ్లాట్ ఉంది. దాన్ని రోజువారీ అద్దెకి ఇస్తోంది. హైదరాబాదులో కూర్చుని ఆ బుకింగుల మెసేజీలు నేను చూసిపెడుతుంటాను. దసరా సెలవుల్లో, చలికాలంలో బెంగాల్ నుంచి వచ్చేవాళ్ళు ఎక్కువ. షాలిమార్ నుంచి వచ్చే కోరమాండల్ ఎక్స్‌ప్రెస్ టైముకి నడిచినా వాళ్ళని తెల్లవారకముందే దించుతుంది. అలా దిగిన కుటుంబం నిన్నటి బుకింగుకి లేటుగా వచ్చినట్టా, ఇవాళ్టి బుకింగుకి పది గంటలు ముందొచ్చినట్టా? యాప్ దగ్గర దీనికి జవాబుంది: ముందు రాత్రికి కూడా డబ్బు కట్టారా, లేదా. కానీ నిద్రపోతున్న పిల్లాణ్ణి భుజాన వేసుకుని గేటు బయట నిలబడ్డ మనిషికి ఆ జవాబు చెప్పడానికి నోరు రాదు.

మరి స్మార్ట్ లాక్ పెట్టుకోవచ్చుగా అంటారు. పెట్టాం. సెటప్ చేసింది నేనే. కోడ్ మెసేజ్‌లో వెళ్తుంది, ఎవరూ మేలుకోనక్కర్లేదు. ఇక్కడో చిక్కుంది. స్మార్ట్ లాక్ ఉన్నది మూడో అంతస్తులో, ఫ్లాట్ తలుపుకి. అపార్ట్‌మెంట్ గేటుకి మాత్రం పదకొండు దాటాక గొలుసు, తాళం పడతాయి. ఆ తాళంచెవి సెల్లార్‌లో పడుకునే వాచ్‌మన్ తలగడ కింద ఉంటుంది. అంటే నేను టెక్నాలజీతో తీసేశాననుకున్న ఎదురుచూపు ఎక్కడికీ పోలేదు. పిన్ని దగ్గర్నుంచి రెండు అంతస్తులు, మూడు అంతస్తులు కిందకి జారి, కాదనలేని మనిషి దగ్గర ఆగింది.

2024 నవంబరులో ఇటలీ హోం శాఖ, ఇలా అద్దెకిచ్చే ఇళ్ళవాళ్ళు గెస్టులని నేరుగా చూసి గుర్తింపు సరిచూసుకోవాలని, దూరం నుంచి కోడ్ పంపి ఊరుకుంటే చాలదని సర్క్యులర్ ఇచ్చింది. దాని మీద కోర్టు కేసులు నడిచాయి. నాకు ఆసక్తిగా అనిపించింది దాని వెనకున్న ఉద్దేశం. మనిషి ముఖం చూడమన్నది పలకరించడానికి కాదు, ఫోటోతో పోల్చుకోవడానికి. ఒకవైపు యాప్ మనిషి అక్కర్లేదంటుంది, ఇంకోవైపు ప్రభుత్వం మనిషి ఉండి తీరాలంటుంది. ఆ మనిషి ఎవరు, ఆ వేళకి ఎవరు మేలుకోవాలి అన్నది మాత్రం రెంటికీ పట్టదు.

డబ్బు పుచ్చుకోవడం వల్లే ఆతిథ్యం ఇలా పాడైపోయింది, పాతకాలంలో ఎంత బాగుండేదో అని వెంటనే ఒక నిట్టూర్పు వస్తుంది. నాకు అందులో సగం నమ్మకం లేదు. అర్ధరాత్రి వచ్చిన చుట్టాన్ని దేవుడిలా చూసుకున్న ఇళ్ళ గురించి చాలా విన్నాం. ఆ ఇళ్ళలో ఆరిన పొయ్యి మళ్ళీ వెలిగించింది ఎవరు? "రండి రండి" అన్నది ఇంటాయన, లేచి ఎసరు పెట్టింది ఇంటావిడ, లేదా కోడలు. పేరు ఒకరికి, నిద్రచాలని కళ్ళు ఇంకొకరికి. 1990లలో జాక్ డెరిడా ఆతిథ్యం మీద ఇచ్చిన ఉపన్యాసాల్లో, పేరు కూడా అడగకుండా తలుపు తీసే ఆతిథ్యం గురించి ఎంతో ఎత్తుకి వెళ్ళి, చివరికి బైబిల్లోని లోతు దగ్గరకి వస్తాడు. ఇంటికొచ్చిన పరదేశుల్ని గుంపు నుంచి కాపాడటానికి తన కూతుళ్ళని ఇచ్చేస్తానన్న తండ్రి అతను. మన ఇళ్ళ కథ అంత ఘోరం కాదు. తీరు మాత్రం అదే: ఆతిథ్యం ఇచ్చేది ఒకరు, దానికి ఖర్చయ్యేది ఇంకొకరు.

కాబట్టి ఆతిథ్యాన్ని అమ్మవచ్చా అన్నదానికంటే, అది ఎవరి నిద్రలోంచి తీసి ఇస్తున్నాం అన్నదే నాకు అసలు ప్రశ్నగా కనిపిస్తోంది.

లేట్ ఫీజు పెడితే సరిపోదా? ఇజ్రాయెల్‌లోని హైఫాలో పది డేకేర్ సెంటర్లలో ఊరీ నీజీ, ఆల్డో రుస్టికీనీ చేసిన ప్రయోగం ఒకటుంది, 2000లో అచ్చయింది. పిల్లల్ని తీసుకెళ్ళడానికి లేటుగా వచ్చే తల్లిదండ్రులకి కొన్ని సెంటర్లలో జరిమానా పెట్టారు. లేటుగా వచ్చేవాళ్ళు తగ్గకపోగా దాదాపు రెట్టింపయ్యారు. జరిమానా ఎత్తేశాక కూడా పాత స్థితికి రాలేదు. అంతకుముందు టీచర్ని కూర్చోబెడుతున్నామన్న మొహమాటం ఉండేది. డబ్బు పెట్టగానే అది కొనుక్కునే సరుకైపోయింది. మా గెస్టుల్లోనూ ఇది చూస్తాను. "లేట్ చెక్-ఇన్ ఎంత?" అని అడిగి కట్టేసిన వాళ్ళు ఎక్కడున్నారో మళ్ళీ చెప్పరు. ఏమీ కట్టనివాళ్ళు విజయనగరం దాటాం అని కూడా మెసేజ్ పెడతారు.

పిన్నితో ఒకసారి ఫోన్లో ఈ గొడవే పెట్టుకున్నాను. ఆవిడ అంది: "లేటుగా వస్తానంటే నేను అలారం పెట్టుకుని పడుకుంటాన్రా. ఎప్పుడొస్తాడో తెలియకపోతేనే నిద్ర పట్టదు." లేటు వేరు, కబురు లేకపోవడం వేరు అని ఆవిడకి ఏ పుస్తకమూ చెప్పనక్కర్లేదు. రైలు గెస్టు చేతిలో లేదు, ఫోన్ ఉంది. గెస్టు నుంచి నేను ఆశించే నీతి అంతవరకే.

మరి ఇచ్చేవాళ్ళ వైపు? పిన్ని ఏర్పాటు ఇది. పది దాటాక వచ్చే ప్రతి బుకింగుకీ 300 రూపాయలు వాచ్‌మన్‌వి. పగలే వెళ్ళి అడుగుతుంది, ఇవాళ కుదురుతుందా అని. కుదరదంటే తనే ఆటోలో వచ్చి కింద కుర్చీ వేసుకుని కూర్చుంటుంది, లేదా బుకింగ్ ఒప్పుకోదు. టిప్ ఇస్తే చాలదా అని నేనన్నాను. టిప్ నిద్ర చెడిపోయాక వస్తుంది, ఇచ్చేవాడి ఇష్టం మీద వస్తుంది. ముందే అడగడంలో కాదనే వీలుంది. నాకు తెలిసినంతలో తేడా అంతా అక్కడే ఉంది. పాత ఇంటి కోడలికి లేనిది అదే.

ఇది పూర్తి జవాబని నేననను. వాచ్‌మన్ జీతం ఇచ్చేది అసోసియేషన్, అందులో పిన్ని కూడా సభ్యురాలు. ఫ్లాట్ ఓనరు వచ్చి "కుదురుతుందా?" అంటే ఆ ప్రశ్నలో ఎంత ప్రశ్న, ఎంత ఆజ్ఞ అన్నది అడిగేవాళ్ళకి ఎప్పటికీ సరిగ్గా తెలియదు. నేను గమనించింది ఒక్కటే. ఈ ఏడాదిలో అతను రెండుసార్లు కుదరదన్నాడు. ఒకసారి కూతురికి జ్వరం. రెండోసారి కారణం చెప్పలేదు, పిన్నీ అడగలేదు. మిగతా రోజుల్లో అతను సరేనన్నది నిజంగా సరే అనుకోవడానికి నా దగ్గరున్న ఆధారం ఆ రెండో "కుదరదు" ఒక్కటే.